సైకిలు సీటు కథ: మెత్తనిదే సుఖమా?

బడిలో చెక్క బల్ల మీద మూడు గంటలు కూర్చున్న విద్యార్థి అంతగా బాధపడడు. అదే విద్యార్థి మెత్తని సీటు గల సైకిలు మీద ముప్పది కిలోమీటర్లు పోయి వచ్చినచో, ఇంటికి చేరిన తరువాత కూర్చొనుటకే జంకును. బల్ల గట్టిది, సీటు మెత్తనిది. గట్టిదాని మీద పుట్టని నొప్పి మెత్తనిదాని మీద ఎందుకు పుట్టినది? ప్రశ్న చిన్నది. కాని దానికి సరియైన సమాధానము కుదురుటకు దాదాపు రెండు వందల సంవత్సరములు పట్టినది. కమ్మరులు, గుర్రపు జీనులు కుట్టువారు, ఒక పశువైద్యుడు, స్త్రీల వైద్యులు, పందెగాండ్రు, చివరకు పోలీసులు కూడ ఆ పనిలో తలా ఒక చేయి వేసినారు. సైకిలు చరిత్రలో చక్రమునకు, గొలుసుకు, టైరుకు దక్కిన కీర్తి సీటుకు దక్కలేదు. ఐనను యంత్రము మీద మనిషి బరువులో ఎక్కువ భాగము మోయునది ఆ జానెడు సీటే.

ఈ చరిత్ర తెలియుటకు ముందు ఒక్క విషయము గుర్తుంచుకొనవలెను. సీటు మీద కలుగు బాధలు ప్రధానముగా రెండు రకములు. మొదటిది కుదుపు. రోడ్డులోని రాయి, గుంట చక్రమును పైకి క్రిందికి విసరును. ఆ దెబ్బ సీటు ద్వారా వెన్నెముకకు తగులును. రెండవది ఒత్తిడి. రోడ్డు అద్దమువలె నున్నగ ఉన్నను, గంటల తరబడి ఒకే చోట బరువు పడినచో అక్కడి కండరము, నాడులు, రక్తనాళములు నలుగును. కుదుపు క్షణములో వచ్చి పోవు దెబ్బ. ఒత్తిడి ఎడతెగని బరువు. ఒకదానికి వేసిన మందు రెండవదానికి పనిచేయదు. ఈ తేడాను గ్రహించుటలో జరిగిన ఆలస్యమే సైకిలు సీటు కథ.

కూర్చొను ఎముకలు

గట్టి బల్ల మీద అరచేతులు పైకి తిప్పి ఉంచి, వాటి మీద కూర్చొని చూడుడు. ప్రతి అరచేతికి ఒక గట్టి బుడిపె తగులును. నడుము క్రింది కటివలయములోని ఆసనాస్థులకు అవి అడుగు కొసలు. మనము నిటారుగా కూర్చున్నపుడు పై శరీరపు బరువులో పెద్ద భాగము ఈ రెండు బుడిపెల మీదనే నిలుచును. వాటి మీది కణజాలము ఈ బరువును ఓర్చుకొనగలదు. పెద్దవారిలో ఈ రెంటి నడుమ దూరము సాధారణముగా 10 నుండి 15 సెంటీమీటర్ల వరకు ఉండును. ప్రసవమునకు అనుకూలముగా కటివలయము విశాలముగ ఉండుటచే, సగటున స్త్రీలలో ఈ దూరము పురుషుల కంటె ఎక్కువ.

ఈ రెండు ఎముకల నడుమ, తొడల సందున ఉన్న భాగము మెత్తనిది. దాని గుండా సున్నితమైన నాడులు, రక్తనాళములు పోవుచున్నవి. బరువు మోయుటకు అది ఏర్పడలేదు. కుర్చీలో కూర్చున్నపుడు ఆ భాగము మీద బరువు దాదాపు పడదు. సైకిలు మీద మాత్రము రెండు కారణములచే పడును. సీటు మరీ సన్ననిదైనచో ఎముకలు దాని అంచులు దాటి ప్రక్కలకు జారును. అపుడు బరువంతయు నడిమి భాగము మీదకు వచ్చును. హ్యాండిలు క్రిందికి ఉన్నచో నడుము ముందుకు వంగి, కటివలయము కూడ ముందుకు దొర్లును. అపుడు సీటు ముక్కు ఆ మెత్తని భాగమును నొక్కును.

లెక్క సులభము. ఒత్తిడి అనగా బరువును వైశాల్యముచే భాగింపగా వచ్చునది. సీటు మీద 30 కిలోల బరువు పడినదనుకొందము. అది 150 చదరపు సెంటీమీటర్ల మీద పరచుకొన్నచో ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద 200 గ్రాములు పడును. అదే బరువు 50 చదరపు సెంటీమీటర్ల మీద పడినచో 600 గ్రాములు పడును. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న ఆ బరువు ఎముక మీద పడినదా, నాడి మీద పడినదా అనునది. ఈ రెండవ ప్రశ్నను సీట్లు చేయువారు చాల కాలము వరకు అడుగలేదు. వారికి మొదట కనిపించిన శత్రువు కుదుపు.

ఎముకలు కుదిపిన బండి

1817 జూన్ 12వ తేదీన జర్మనీలోని మాన్‌హైమ్ పట్టణములో కార్ల్ ఫాన్ డ్రాయిస్ అను అటవీ ఉద్యోగి రెండు చక్రముల కొయ్య బండి నెక్కి ఊరు వెలుపలికి పోయినాడు. దానికి పెడళ్ళు లేవు. కాళ్ళతో నేలను తన్నుకొనుచు పోవలెను. దాదాపు ఏడు కిలోమీటర్లు పోయి, తిరిగి ఇంటికి చేరుటకు గంట కంటె తక్కువ కాలము పట్టినది. ఆ బండికి మెత్త వేసిన సీటు ఉన్నది. మోచేతులు ఆనించుటకు ముందు ఒక మెత్తని పలక కూడ ఉన్నది. బరువును ఒక్క చోటనే కాక రెండు మూడు చోట్లకు పంచవలెనను ఊహ ఆ మొదటి బండిలోనే కనిపించుచున్నది. పైగా పాదములు మాటిమాటికి నేలను తాకుచుండుటచే కూర్చున్నవానికి క్షణక్షణము కొంత విడుపు దొరకెడిది.

1860 దశకములో ఫ్రాన్సులో ముందు చక్రపు ఇరుసుకు పెడళ్ళు తగిలించినారు. పాదములు నేలను విడిచినవి. బరువు ఎక్కువగ సీటు మీదకు చేరినది. చక్రములు కొయ్యవి, వాటి చుట్టు ఇనుప పట్టాలు. రాళ్ళు పరచిన వీధులలో పోవుచుండగా పుట్టిన కుదుపును చూచి, ఇంగ్లండులో ఆ బండికి ‘బోన్‌షేకర్’ అని పేరు పెట్టినారు. ఎముకలు కుదుపునది అని దాని అర్థము. చేసినవారు ఊరక కూర్చొనలేదు. బండి వెన్ను పొడవున ఒక ఉక్కు బద్దను స్ప్రింగుగా అమర్చి, దాని మీద సీటు బిగించినారు. 1869 నవంబరు 7వ తేదీన పారిస్ నుండి రువాన్ వరకు జరిగిన 123 కిలోమీటర్ల పందెములో జేమ్స్ మూర్ అను యువకుడు గెలిచినాడు. అతనికి పట్టిన కాలము పదిన్నర గంటల ప్రాంతము. అనగా గంటకు పన్నెండు కిలోమీటర్లు కూడ లేదు. బండి బరువు, రోడ్ల దుస్థితి, కుదుపు కలిసి ఆ వేగమును అంతటితో కట్టివేసినవి.

పెద్ద చక్రము, తోలు ఊయెల

1870 దశకములో ముందు చక్రము పెరిగి మనిషి భుజము ఎత్తుకు వచ్చినది. ఇంగ్లండులోని కోవెంట్రీ నగరములో జేమ్స్ స్టార్లీ మొదలైనవారు తీగ ఆకులు, రబ్బరు పట్టా గల తేలికైన పెద్ద చక్రములను చేసినారు. గొలుసు లేని ఆ బండిలో పెడలు ఒక్క చుట్టు తిరిగిన చక్రమును ఒక్క చుట్టే తిరుగును. కనుక వేగము కావలెనన్నచో చక్రము పెద్దది కావలెను. 50 అంగుళముల చక్రము ఒక చుట్టుకు దాదాపు నాలుగు మీటర్లు పోవును. దానితోపాటు మరొక లాభము కూడ కలిగినది. చిన్న చక్రము దిగబడు గుంట మీద పెద్ద చక్రము దిగబడక దాటిపోవును. కుదుపు తగ్గినది. కాని సీటు ఇంచుమించుగ చక్రపు కొన మీద ఉండుటచే, ముందు చక్రమునకు రాయి అడ్డు తగిలినచో మనిషి తలక్రిందులుగ ముందుకు పడెడివాడు.

ఇట్టి పెద్ద చక్రపు బండి మీదనే థామస్ స్టీవెన్స్ ప్రపంచమును చుట్టినాడు. 1884 ఏప్రిల్ 22వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, అమెరికా, యూరపు, టర్కీ, పర్షియా దేశములు దాటి, 1886లో మన దేశమునకు వచ్చినాడు. లాహోరు నుండి కలకత్తా వరకు గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద సైకిలు త్రొక్కినాడు. పిమ్మట చైనా దాటి, 1886 డిసెంబరు 17వ తేదీన జపానులోని యొకొహామాలో యాత్ర ముగించినాడు. చక్రము మీద పోయిన దూరము దాదాపు 13,500 మైళ్ళు. గాలి టైరు ఇంకను పుట్టని కాలములో ఇంత దూరము సాధ్యమగుటకు పెద్ద చక్రము ఎంతగానో తోడ్పడినది.

ఆ సంవత్సరములలోనే సీటు తయారీలో ఒక పెద్ద మార్పు వచ్చినది. బర్మింగ్‌హామ్ నగరములో జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ 1866లో గుర్రపు సరంజామా, తోలు సామాను చేయు సంస్థను స్థాపించినాడు. 1882 అక్టోబరు 28వ తేదీన సైకిలు సీటుకు పేటెంటు కోరుచు దరఖాస్తు చేసినాడు. జీనులు కుట్టు వృత్తిలో ఉన్నవానికి తోలు గుణము బాగుగ తెలియును. ఈ వృత్తివారు చేసిన తోలు సీటులో పత్తి లేదు, పీచు లేదు, దూది లేదు. ముందొక ఇనుప కొనకు, వెనుకొక ఇనుప చట్రమునకు దళసరి తోలును రివెట్లతో బిగించి, దానిని ఊయెలవలె లాగి కట్టుదురు. మన నులక మంచము సూత్రమే ఇది. చేతితో నొక్కి చూచినచో అట్టి సీటు గట్టిగనే ఉండును. కాని కొన్ని వందల కిలోమీటర్లు త్రొక్కిన పిమ్మట, కూర్చున్నవాని రెండు ఎముకలు ఆనిన చోట తోలులో రెండు చిన్న పల్లములు పడును. సీటు ఆ మనిషికి అచ్చు పోసినట్లు కుదురును. ఎముకల బరువు ఎముకల చోటనే నిలుచును. తోలు సాగినపుడు బిగించుటకు ముందు భాగమున ఒక మర కూడ ఉండును.

గాలి తెచ్చిన సుఖము

1885లో జేమ్స్ స్టార్లీ సోదరుని కుమారుడగు జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిలును బయటకు తెచ్చినాడు. గొలుసు వెనుక చక్రమును త్రిప్పుటచే పెద్ద చక్రము అవసరము తీరినది. సీటు నేలకు దిగినది. పడిపోవు భయము తగ్గినది. కాని చక్రము చిన్నదగుటతో పాత శత్రువు మరల వచ్చినది. ప్రతి గుంట, ప్రతి రాయి వీపునకు తెలిసెడిది. సీటు క్రింద చుట్టల స్ప్రింగులు పెట్టినారు. కొందరు చట్రమునే స్ప్రింగుల మీద నిలిపినారు.

ఆ చిక్కును విప్పినవాడు సైకిళ్ళ వ్యాపారి కాడు. బెల్‌ఫాస్ట్ నగరములోని పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో తన కుమారుని మూడు చక్రముల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టము చుట్టినాడు. అదే గాలి టైరు. రాబర్ట్ విలియం థామ్సన్ ఇట్టి దానికే 1845లో పేటెంటు పొందియున్నాడు గాని, అప్పటికి దానిని వాడుకొను సైకిలు లేదు. డన్‌లప్ టైర్లతో 1889లో బెల్‌ఫాస్ట్‌లో పందెములు గెలిచిన తరువాత గట్టి రబ్బరు పట్టాల కాలము ముగిసినది. స్ప్రింగు సీటు వరకు వచ్చిన దెబ్బను ఆపును. గాలి టైరు దెబ్బను చక్రము దగ్గరనే మ్రింగును. కుదుపు సమస్య అంతటితో చాల వరకు తీరినది.

కుదుపు పోయినది కనుక జనము ఇంకను దూరము పోసాగినారు. 1891లో పారిస్ నుండి బ్రెస్ట్ వరకు పోయి తిరిగి పారిస్ చేరు పందెము జరిగినది. దూరము దాదాపు 1,200 కిలోమీటర్లు. చార్లెస్ టెర్రాన్ నిద్ర లేకుండ త్రొక్కి 71 గంటల 22 నిమిషములలో ముగించినాడు. మూడు రోజులు దాదాపుగ సీటు మీదనే గడుపుట సాధ్యమైన పిమ్మట, అంతవరకు కుదుపు చాటున దాగియున్న రెండవ శత్రువు బయటపడినది. అది ఒత్తిడి.

స్త్రీలు అడిగిన ప్రశ్న

1890 దశకములో అమెరికాలోను, యూరపులోను సైకిలు మీద వ్యామోహము ప్రబలినది. స్త్రీలు కూడ త్రొక్కసాగినారు. అంతవరకు వారి రాకపోకలు ఇంటి బండి మీద, ఇంటివారి అనుమతి మీద ఆధారపడియున్నవి. సైకిలు ఆ కట్టును సడలించినది. ఫ్రాన్సెస్ విల్లర్డ్ అను సంఘసేవిక 53 ఏండ్ల వయస్సులో సైకిలు నేర్చి, 1895లో ఆ అనుభవము మీద ఒక పుస్తకమే ప్రకటించినది. దీనిని సహింపనివారు వైద్యము పేరు చెప్పి అడ్డుపడినారు. సీటు స్త్రీ శరీరమునకు హాని చేయునని, కాబట్టి స్త్రీలు సైకిలు ఎక్కరాదని వాదించినారు.

అందులో ఒక సత్యము, ఒక అసత్యము కలిసియున్నవి. పురుషుల కొలతకు చేసిన సన్నని సీటు స్త్రీలకు బాధ కలిగించుట సత్యమే. దానికి స్త్రీలు సైకిలు మానవలెననుట మాత్రము సరియైన ముగింపు కాదు. రాబర్ట్ లాటూ డికిన్‌సన్ అను అమెరికను స్త్రీవైద్యుడు 1895లో వైద్య పత్రికలో ప్రకటించిన వ్యాసములో, సరియైన సీటు, సరియైన కూర్చొను తీరు ఉన్నచో సైకిలు స్త్రీల ఆరోగ్యమునకు మేలని వాదించినాడు. తప్పు మనిషిలో లేదు, సీటులో ఉన్నదని తేలినది.

ఈ చర్చ ఫలితముగ ‘శరీరశాస్త్రమునకు అనుకూలమైనవి’ అను పేరుతో పలు సీట్లు వచ్చినవి. వాటిలో పేరు పొందినది అమెరికాలో స్పాల్డింగ్ సంస్థ అమ్మిన క్రిస్టీ సీటు. దానికి రెండు ఆసనాస్థుల క్రింద రెండు మెత్తలు, వాటి నడుమ పల్లము ఉండెడివి. దాని ప్రకటనలలో కటివలయపు ఎముకల బొమ్మ వేసి, మామూలు సీటు మీద ఆ ఎముకలు ఎట్లు నిలుచునో, ఈ సీటు మీద ఎట్లు నిలుచునో ప్రక్కప్రక్కన చూపెడివారు. అనగా బరువు ఎంత అని కాక, బరువు ఎక్కడ అని అడిగిన సీటు 1890 దశకములోనే తయారైనది.

కాని ఆ జ్ఞానము నిలువలేదు. శతాబ్దపు అంతమున అమెరికాలో సైకిళ్ళ వ్యామోహము పడిపోయినది. అనేక సంస్థలు మూతపడినవి. వాటితోపాటు ఆ సీట్లు కూడ అంగళ్ళనుండి దాదాపుగ మాయమైనవి. ఆపై సీటు రూపమును నిర్ణయించినది వైద్యుడు కాడు, పందెగాడు.

పందెపు సీటు

1903లో మొదటి టూర్ ద ఫ్రాన్స్ పందెము జరిగినది. ఆరు మజిలీలలో 2,428 కిలోమీటర్లు త్రొక్కవలెను. పారిస్ నుండి లియాన్ వరకు గల మొదటి మజిలీయే 467 కిలోమీటర్లు. మారిస్ గారాన్ 94 గంటల పైచిలుకు కాలములో గెలిచినాడు. పందెగాడు గాలి నెదుర్కొనుటకు క్రిందికి వంగును. తొడలు ఒరసికొనకుండుటకు సన్నని సీటు కోరును. మలుపులలో తొడలతో బండిని అదుపు చేయుటకు పొడుగైన ముక్కు కోరును. అతని బరువులో కొంత చేతుల మీద, చాల భాగము పెడళ్ళ మీద ఉండును గనుక సన్నని సీటు అతనికి చెల్లును. తీరికగ, నిటారుగ కూర్చొని పోవువానికి అదే సీటు శిక్ష. ఐనను విజేతను చూచి అందరును అట్టి సీటునే కోరుట సహజమైనది.

పందెగాండ్రకు కూడ బాధ తప్పలేదు. సీటు, చర్మము, చెమట కలిసి ఒరిపిడి పుట్టించును. ఒరిసిన చోట కురుపులు లేచును. అందుచే వారు ఉన్ని నిక్కరులోపల మెత్తని తోలు అతికించుకొనెడివారు. నేటి పందెపు నిక్కరులలోని మెత్త దాని వారసురాలే. ఫ్రెంచి విజేత లూయీజోన్ బోబే 1953, 1954, 1955 సంవత్సరములలో వరుసగ మూడు మారులు టూర్ గెలిచినాడు. మూడవ మారు అతడు సీటు కురుపులతోనే త్రొక్కి గెలిచి, పిమ్మట శస్త్రచికిత్స చేయించుకొనవలసి వచ్చినది.

ఒకమారు మాత్రము సీటునే తీసివేయు ప్రయత్నము జరిగినది. ఫ్రాన్సులో షార్ల్ మొషే వాలుకుర్చీ వంటి ఆసనము గల సైకిలు చేసినాడు. అందులో వీపు ఆనించి, కాళ్ళు ముందుకు చాచి త్రొక్కవలెను. బరువు వీపు మీద, పిరుదుల మీద విశాలముగ పరచుకొనును. 1933 జూలై 7వ తేదీన ఫ్రాన్సిస్ ఫోర్ దాని మీద గంటలో 45.055 కిలోమీటర్లు పోయి, 1914 నుండి నిలిచియున్న 44.247 కిలోమీటర్ల రికార్డును దాటినాడు. 1934లో అంతర్జాతీయ సైకిలు సంఘము సైకిలు అనదగినది ఏదో క్రొత్తగ నిర్వచించి, ఈ బండిని పందెములనుండి తొలగించినది. దానితో సన్నని సీటు పందెములలో శాశ్వతమైనది.

మెత్తదనము చేసిన మోసము

1960 దశకములో ప్లాస్టిక్ పెంకు గల సీట్లు, 1980 దశకములో జెల్ నింపిన సీట్లు వచ్చినవి. బొటనవ్రేలితో నొక్కినచో దిగబడు సీటే సుఖమైన సీటని అమ్మువారును, కొనువారును నమ్మినారు. బొటనవ్రేలు చెప్పు సాక్ష్యము ఇక్కడ చెల్లదు. మరీ మెత్తని సీటు మీద కూర్చున్నపుడు ఎముకలు రెండు ప్రక్కల లోనికి దిగును. అక్కడ నలిగిన మెత్త నడుమకు ఉబికి, ఏ భాగము మీద బరువు పడరాదో ఆ భాగమునే పైకి నొక్కును. మొదటి పది నిమిషములు హాయి. గంట తరువాత తిమ్మిరి.

2002లో జర్మనీలోని కొలోన్ పరిశోధకులు ఈ సంగతిని కొలిచి చూపినారు. ఆరోగ్యవంతులైన 20 మంది పురుషులను వేరువేరు సీట్ల మీద కూర్చుండబెట్టి, తొడల సందు గుండా రక్తము పోవు అవయవములో ఆక్సిజను ఎంత తగ్గునో చర్మము మీది పరికరముతో కొలిచినారు. సన్ననిదై, దట్టముగ మెత్త వేసిన సీటు మీద అది 82.4 శాతము తగ్గినది. మెత్త లేని వెడల్పు తోలు సీటు మీద 63.6 శాతము తగ్గినది. ముక్కు లేని వెడల్పు సీటు మీద తగ్గినది 20.3 శాతము మాత్రమే. అన్నిటిలో దట్టమైన మెత్త గల సీటే అన్నిటికంటె ఎక్కువ హాని చేసినది. సుఖమును నిర్ణయించునది మెత్త కాదు, ఆకారమని అంకెలు చెప్పినవి.

అమెరికాలో రోజంతయు సైకిలు మీద గస్తీ తిరుగు పోలీసులకు ఇది ఉద్యోగ సమస్య. అక్కడి వృత్తి ఆరోగ్య భద్రతా జాతీయ సంస్థ శాస్త్రజ్ఞులు 90 మంది పోలీసులకు ముక్కు లేని సీట్లు ఇచ్చి ఆరు నెలలు పరిశీలించినారు. ఫలితములు 2008లో వెలువడినవి. సున్నితమైన భాగము మీది ఒత్తిడి 66 శాతము తగ్గినది. తమకు తిమ్మిరి రాలేదని చెప్పినవారు మొదట 27 శాతము కాగా, ఆరు నెలల తరువాత 82 శాతమైనారు. పరీక్ష ముగిసిన పిమ్మట పాత సీటుకు మరలినవారు ముగ్గురే. 2009లో ఆ సంస్థ వృత్తిరీత్యా సైకిలు త్రొక్కువారికి ఈ సీట్లను వాడుమని సలహా ఇచ్చినది. ముక్కు లేనపుడు తొడలతో అదుపు చేయు అలవాటు మార్చుకొనవలెనని కూడ చెప్పినది.

స్త్రీల సంగతి అప్పటికే మరల ముందుకు వచ్చియున్నది. 1990 దశకములో అమెరికను యంత్రశిల్పి జార్జీనా టెరీ స్త్రీల సీటు నడుమ భాగమును కోసి ఖాళీ వదలినది. ఆ ఖాళీ పిమ్మట పురుషుల సీట్లకు కూడ ప్రాకినది. క్రిస్టీ సీటు నడిమి పల్లము నూరేండ్లకు రంధ్రముగ తిరిగి వచ్చినదనవచ్చును.

మన రోడ్ల మీద

మన దేశపు దూరయాత్రికులలో బొంబాయి పార్శీ యువకులు ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భూంగరా ప్రసిద్ధులు. వారు 1923 అక్టోబరులో బయలుదేరి 1928 మార్చిలో తిరిగి వచ్చినారు. నాలుగున్నర సంవత్సరములలో త్రొక్కిన దూరము దాదాపు 71,000 కిలోమీటర్లు.

స్వాతంత్ర్యము తరువాత మన దేశములో సైకిళ్ళ తయారీ విస్తరించినది. ఆ కాలమున తెలుగునాట తపాలా బంట్రోతు, పాలవాడు, కూరగాయల వర్తకుడు, పల్లె బడి పంతులు త్రొక్కినది నల్లని రోడ్‌స్టరు సైకిలు. దానిని ఇప్పటి కండ్లతో చూచినను అందులో మంచి శాస్త్రము కనిపించును. 28 అంగుళముల పెద్ద చక్రములు, లావైన గాలి టైర్లు, సీటు క్రింద చుట్టల స్ప్రింగులు కుదుపును చూచుకొనును. ఎత్తైన హ్యాండిలు మనిషిని నిటారుగ కూర్చుండబెట్టును. నిటారుగ కూర్చున్నపుడు బరువు వెనుకకు, ఎముకల మీదకు వచ్చును. అందుకు తగినట్లు సీటు వెనుక భాగము వెడల్పు. హ్యాండిలు ఎత్తు, సీటు వెడల్పు ఒకదానికొకటి జత. హ్యాండిలు దించి సీటు మార్చకున్నను, సీటు సన్నబరచి హ్యాండిలు మార్చకున్నను ఆ జత చెడును.

తరగతిలో ఒక ప్రయోగము

ఒక అట్టపెట్టెనుండి ముడుతల అట్ట కోసి గట్టి బల్ల మీద పరచుడు. విద్యార్థి దాని మీద కూర్చొని, పాదములు చిన్న పీట మీద పెట్టి మోకాళ్ళు కొంచెము ఎత్తి, ఒక నిమిషము ఉండవలెను. లేచి చూచినచో అట్ట మీద రెండు పల్లములు కనిపించును. వాటి నడిమి బిందువుల దూరము కొలిచి వ్రాసికొనుడు. తరగతి అంతటి కొలతలు నల్లబల్ల మీద వ్రాసినచో, ఒకే ఎత్తుగల ఇద్దరిలో కూడ ఈ దూరము వేరుగ ఉండుట చూడవచ్చును. సీటు వెనుక భాగపు వెడల్పు ఈ దూరము కంటె రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉన్నచో రెండు ఎముకలకును చోటు దొరకును.

తరువాత సీటు ఎత్తు చూచుకొనవలెను. పెడలు అడుగునకు వచ్చినపుడు దాని మీద మడమ పెట్టినచో కాలు దాదాపు తిన్నగ చాచుకొనవలెను. సీటు అంతకంటె ఎత్తైనచో నడుము అటునిటు ఊగి ఒరిపిడి కలుగును. సీటు ముక్కు పైకి లేచియున్నచో మెత్తని భాగము నలుగును. మరీ క్రిందికి వ్రాలినచో మనిషి ముందుకు జారి బరువంతయు చేతుల మీద పడును. మొదట సమతలముగ ఉంచుట మంచిది. సీటు ఎంత మంచిదైనను, దూరము పోవువారు మధ్య మధ్య పెడళ్ళ మీద లేచి నిలుచుండవలెను. ఆ కొద్దిసేపటిలో నలిగిన చోటికి రక్తము మరల ప్రవహించును. తిమ్మిరి ఎక్కినచో ఓర్చుకొని పోవుట ధైర్యము కాదు. అది నాడి చెప్పుచున్న హెచ్చరిక. దిగి, సీటు సరిచేసికొని మరల ఎక్కవలెను.

అన్నగారి సైకిలు, నాన్నగారి సైకిలు త్రొక్కి బడికి వచ్చు బాలబాలికలు ఎందరో కలరు. సీటు ఎత్తు వారిది కాదు, వెడల్పు వారిది కాదు. బడి ఆవరణలో ఒక స్పానరు, ఒక అట్టముక్క ఉన్నచో పది నిమిషములలో ఎత్తు సరిచేయవచ్చును. వెడల్పు చాలనిచో సీటే మార్చవలెనని చెప్పవచ్చును.